వేషం కట్టు.. పరుగు పెట్టు!

నలుగురు దోస్తులు వేషాలేసుకుని ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే ఏమొస్తుంది? ఉద్యోగమైతే రాదు. కానీ ఉద్యోగం వెతికే రోజుల్లో మనం చేజేతులా పోగొట్టుకునేది ఒకటుంటుంది. అది మాత్రం తిరిగి రావచ్చు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర. టోలిచౌకిలో ట్రాఫిక్‌ లేని సమయం ఏదైనా ఉందంటే అదొక్కటే. కిరీటం చంకలో పెట్టుకుని, గద భుజాన వేసుకుని యమధర్మరాజు ఆటో కోసం చూస్తున్నాడు. పక్కన చిట్టా పుస్తకంతో చిత్రగుప్తుడు. వెనక ఇద్దరు యమభటులు. మొదటి ఆటో డ్రైవరు మమ్మల్ని చూసి స్లో చేశాడు. ఇంకోసారి చూసి స్పీడు పెంచాడు. రెండో ఆయన ఆగాడు. ‘నెక్లెస్‌ రోడ్డా? మూడొందలు’ అన్నాడు. యముడికైనా బేరం తప్పలేదు.

ఆ యముడు నేనే. భటులిద్దరూ నా రూమ్మేట్లు. చిత్రగుప్తుడు మా బీటెక్‌ బ్యాచ్‌మేట్‌. అప్పటికి మేం కాలేజీ వదిలి పద్దెనిమిది నెలలు. మా ముగ్గురికీ ఏవో ఉద్యోగాలున్నాయి. వాడికి లేదు. ఇది వాడి కథే. చెప్పమని వాడే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. కాబట్టి ఇక్కడ వాడు చిత్రగుప్తుడే.

పరుగులో వేషాలేంటి?

‘మారథాన్‌ అంటే టీ షర్టు, షార్ట్స్‌ కదా, ఈ డ్రామా కంపెనీ ఏంటి?’ అని మీకు అనిపించొచ్చు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1906 భూకంపంలో కుప్పకూలింది. మళ్లీ లేచి నిలబడుతున్న నగరంలో ఉత్సాహం నింపడానికి 1912 జనవరి 1న ఒక పరుగు పెట్టారు. అదే ఇప్పటి ‘బే టు బ్రేకర్స్‌’. అఖాతం ఒడ్డున మొదలై, నగరాన్ని అడ్డంగా దాటి, పసిఫిక్‌ మహాసముద్రం దగ్గర ముగిసే పన్నెండు కిలోమీటర్ల దారి. ముందు వరుసలో అసలైన అథ్లెట్లు ఉంటారు. వాళ్ల వెనక ఊరంతా వేషాలేసుకుని తిరునాళ్లలా కదులుతుంది. 1986లో లక్షమందికి పైగా పాల్గొని గిన్నిస్‌ రికార్డుకెక్కారు.

అందులో నాకు బాగా నచ్చేది ‘జెర్రి’ జట్టు. పదమూడు మంది ఒకరికొకరు కట్టుకుని ఒకే జెర్రిలా పరుగెత్తుతారు. ఒక్కడు వెనకబడ్డా పదమూడు మందీ వెనకబడాల్సిందే. కాలేజీలో గ్రూప్‌ ప్రాజెక్టు చేసిన వాళ్లెవరికైనా ఈ బాధ తెలుసు!

మన దగ్గరా కొత్తేం కాదు. ఏటా జనవరిలో జరిగే ముంబయి మారథాన్‌లో ‘డ్రీమ్‌ రన్‌’ అనే విభాగంలో జనం రకరకాల వేషాలతో, సామాజిక సందేశాలతో పాల్గొంటారు. బెంగళూరు 10కెలో అలాంటిదే ‘మజ్జా రన్‌’. మన హైదరాబాద్‌ మారథాన్‌ ఆగస్టులో జరుగుతుంది. నెక్లెస్‌ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలిలో ముగిసే ఆ దారి ఎత్తుపల్లాలకీ, ఫ్లైఓవర్లకీ పేరుమోసింది. 2017లో జయంతి సంపత్‌కుమార్‌ అదే మారథాన్‌లో 42 కిలోమీటర్లూ చీరకట్టుతో పరుగెత్తారు. చేనేతకు ప్రచారం కల్పించడం, చీర కట్టుకున్నా పరుగెత్తొచ్చని మహిళలకు ధైర్యం చెప్పడం ఆమె ఉద్దేశం.

ఇంకాస్త వెనక్కెళ్తే, పగటి వేషాలు మన ఊళ్లవే. పీర్ల పండక్కి ఒంటికి రంగులేసుకుని పులి వేషాలు కట్టేదీ మనవాళ్లే. డప్పు వినపడగానే పిల్లలు వెంటపడతారు చూడండి, నెక్లెస్‌ రోడ్డులో మాకు జరిగింది అచ్చం అదే.

గ్రూపులోంచి మాయమైనవాడు

వేషాల ఆలోచన ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు వాట్సాప్‌ గ్రూపు గురించి చెప్పాలి. కాలేజీలో మా గ్రూపులో ఎక్కువ మెసేజ్‌లు వాడివే. క్యాంపస్‌ ప్లేస్‌మెంట్లలో చివరి రౌండ్‌ దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చాడు. కాలేజీ అయిపోయాక మొదటి ఆర్నెల్లు బాగానే మాట్లాడాడు. తర్వాత నవ్వే బొమ్మలు మాత్రం పెట్టేవాడు. ఆ తర్వాత అవీ లేవు. పుట్టినరోజు పార్టీకి పిలిస్తే ‘జ్వరం’ అన్నాడు. మూడోసారి కూడా జ్వరమే అన్నాడు. ఉండేది మెహిదీపట్నంలోనే. బస్సెక్కితే పావుగంట దూరం.

మేమేం చేశామో కూడా నిజాయతీగా చెప్పాలి. ఫోన్‌ చేసిన ప్రతిసారీ మేం అడిగిన మొదటి మాట ‘ఏమైంది రా, ఏమన్న వచ్చిందా?’ అనే. ప్రేమగానే అడిగాం. కానీ ఇంట్లో నాన్న, వీధిలో పక్కింటి అంకుల్‌, పెళ్లిలో పెద్దమ్మ.. అందరూ అడిగాక ఐదో మనిషిగా మేమూ అదే అడిగాం. అందుకే వాడు ఫోన్‌ ఎత్తడం మానేశాడు.

ఆ నవంబరులో మా రూమ్‌లో ఒక భటుడు, డిసెంబరులో జరిగే ఒక 5కె పరుగు గురించి చూశాడు. ‘బెస్ట్‌ కాస్ట్యూమ్‌ గ్రూపునకు బహుమతి’ అని ఉంది. మాది టోలిచౌకి. ఇటు తిరిగితే ఫిల్మ్‌నగర్‌, ఇంకాస్త ముందుకెళ్తే జూబ్లీహిల్స్‌. కృష్ణానగర్‌ వైపు వెళ్తే సినిమాలకీ నాటకాలకీ డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులున్నాయి. వేషాలకు మనకు కొదవా? నలుగురి వేషం ఏముందని ఆలోచిస్తే ‘యమగోల’ నుంచి ‘యమలీల’, ‘యమదొంగ’ దాకా తెలుగువాళ్లకు చెప్పక్కర్లేకుండా నవ్వొచ్చే జట్టు ఒకటే. యముడు దొరికాడు, భటులు దొరికారు. చిత్రగుప్తుడు కావాలి.

ఈసారి వాడికి ఫోన్‌ చేయలేదు. ‘చిత్రగుప్తుడు దొరకట్లేదు. నీకు ఆ పిలక బాగుంటది’ అని మెసేజ్‌ పెట్టాం. నలభై నిమిషాల తర్వాత జవాబు వచ్చింది: ‘చిట్టా ఎవరు కొంటరు?’

లోకల్‌లో నడిచింది.. ప్రొడక్షన్‌లో పడింది

ప్రాక్టీసుకి మాకు సెవెన్‌ టూంబ్స్‌ రోడ్డే గ్రౌండు. కులీకుతుబ్‌షాహీల సమాధుల పక్కగా ఉదయం ఆరింటికి పరుగు మొదలెట్టేవాళ్లం. మొదటి రోజు ఎనిమిది వందల మీటర్లకే నేను రోడ్డు పక్కన కూర్చున్నా. నాలుగు వారాలయ్యేసరికి నలుగురం ఐదు కిలోమీటర్లు 38 నిమిషాల్లో పూర్తిచేశాం. ఇక తిరుగులేదనుకున్నాం.

చిత్రగుప్తుడు ఒక్కటే మాట పట్టుకున్నాడు. ‘వేషం ఏసుకొని ఒక్కసారన్న ఉరకాలె రా’ అని. డ్రెస్సులు రెండు రోజులు ముందు తెస్తే అద్దె ఎక్కువవుతుందని మేం వాయిదా వేశాం. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఈ జబ్బు తెలుసు. మన ల్యాప్‌టాప్‌లో నడిచింది కదా అని టెస్టింగ్‌ లేకుండా ప్రొడక్షన్‌లోకి వదిలేయడం. మేం చేసింది అచ్చంగా అదే.

ఇందులో మేమేం మొదటివాళ్లం కాదు. 2019 లండన్‌ మారథాన్‌లో ఒకాయన బిగ్‌బెన్‌ గడియార స్తంభం వేషంలో 42 కిలోమీటర్లు పరుగెత్తాడు. అంతా బాగానే ఉంది. చివర్లో ఫినిష్‌ లైన్‌ మీద కట్టిన స్వాగత ద్వారం కంటే స్తంభమే పొడుగైంది! అక్కడే ఇరుక్కుపోతే నిర్వాహకుడు వచ్చి వంచి లోపలికి పంపాల్సి వచ్చింది. అదే పరుగులో ఒక నర్సు తాను రోజూ ఆస్పత్రిలో వేసుకునే డ్రెస్సుతోనే 3 గంటల 8 నిమిషాల్లో మారథాన్‌ పూర్తిచేసి, నర్సు వేషంలో పాత రికార్డును దాటేసింది. గిన్నిస్‌ వాళ్లు ముందు ఒప్పుకోలేదు. నిబంధనల ప్రకారం నర్సంటే గౌను, ఏప్రాన్‌, టోపీ ఉండాలన్నారు. ప్యాంటు వేసుకున్న అసలు నర్సు వాళ్ల లెక్కలో నర్సు కాదన్నమాట! చాలామంది మండిపడ్డాక, నిబంధన మార్చి రికార్డు ఇచ్చారు. ఒకరు కొలతలు చూసుకోలేదు. ఇంకొకరి విషయంలో నిబంధనే పాతబడిపోయింది. మీరు నింపే అప్లికేషన్లలోనూ ఈ రెండు రకాల చిక్కులూ ఎదురవుతాయి. మొదటిది మన చేతిలో ఉంటుంది. రెండోది ఎదురైనప్పుడు మాట్లాడాలి.

యముడికి ఆయాసం

పరుగు మొదలైంది. జెర్రి జట్టును చూసి వచ్చిన ఐడియాతో నలుగురం యమపాశానికి, అంటే ఒక నైలాన్‌ తాడుకి, కట్టుకున్నాం. మొదటి అర కిలోమీటరు చప్పట్లు, ఈలలు, సెల్ఫీలు. ఆ తర్వాత అసలు కథ మొదలైంది. మఖమల్‌ డ్రెస్సులో చెమట ఆరదు. పరుగెత్తేటప్పుడు ఒళ్లు చల్లబడేదే చెమట ఆరడం వల్ల. దానికి దారి లేకపోతే డిసెంబరులోనూ కుక్కర్‌లో కూర్చున్నట్టే. కిరీటం కళ్ల మీదికి జారుతోంది. ఒక భటుడు తాడు తొక్కాడు, ఇంకో భటుడు వాడి మీద పడ్డాడు. రెండో కిలోమీటరు దగ్గర యమలోకం మొత్తం రోడ్డు పక్కన కుప్పగా ఉంది. నేను ‘ఇక చాలు రా, ఆటో పిలుద్దాం’ అనేశా.

చిత్రగుప్తుడు చిట్టా తెరిచాడు. మేం ప్రాప్‌ అనుకున్న ఆ పుస్తకంలో వాడు నిజంగానే రాసుకొచ్చాడు. మంచినీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ప్రాక్టీసులో ఎవరు ఎన్నో కిలోమీటరు దగ్గర డీలా పడ్డారు, నాకు ఎడమ మోకాలు నొప్పి ఎప్పుడొచ్చింది.. అన్నీ. ముందు తాడు విప్పించాడు. నా కిరీటం, గద తీసి భటులకు చెరొకటి ఇచ్చాడు. ‘మూడు నిమిషాలు ఉరుకుడు, రెండు నిమిషాలు నడుసుడు. టైమ్‌ నేను చూస్త. యముడా, లే’ అన్నాడు. లేచాను.

నాలుగో కిలోమీటరు దగ్గర వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన వాణ్ని ఆపాడు. ‘బిడ్డా, చిట్టాల నా పేరుందా చూడు’ అని. మా వాడు సీరియస్‌గా నాలుగు పేజీలు తిప్పి, ‘నీ పేరున్న పేజీ చిరిగిపోయింది తాతా. ఇంకో ఇరవయ్యేళ్లు ఎవరూ పట్టుకోరు, హాయిగ నడువ్‌’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అక్కణ్నుంచి చివరిదాకా జనం వాడినే పిలిచారు. ‘చిత్రగుప్తా, మా బాస్‌ పేరు రాసుకో’, ‘చిత్రగుప్తా, నా సప్లీలు కొట్టెయ్‌’ అని. ఏడాదిగా నలుగురిలోకి రానివాడు నాలుగు వందల మందితో మాట్లాడుతూ పరుగెత్తాడు.

ఫినిష్‌ లైన్‌ దాటేసరికి 54 నిమిషాలు. ప్రాక్టీసు కంటే పదహారు నిమిషాలు ఎక్కువ. బహుమతి మాకు రాలేదు. కూరగాయల వేషాలేసుకొచ్చిన ఒక స్కూలు పిల్లల జట్టు కొట్టేసింది. వాళ్లకే రావాలి కూడా, వంకాయ అద్భుతంగా చేసింది.

ఎవరూ అడగని ప్రశ్న

తిరిగొచ్చి టోలిచౌకిలో ఇరానీ చాయ్‌ ముందు కూర్చున్నాం. ముఖాల మీద రంగు ఇంకా పోలేదు. ఉస్మానియా బిస్కెట్‌ ముంచుకుంటూ వాడన్నాడు: ‘ఇయ్యాల ఒక్కడు గూడ ఏం చేస్తున్నవ్‌ అని అడగలే రా.’

ముగ్గురం కప్పుల్లోకి చూశాం. అడిగేవాళ్లలో మేమూ ఉన్నామని వాడు అనలేదు. అనక్కర్లేదు.

ఆ పరుగు వల్ల వాడికి ఉద్యోగం రాలేదు. అలా రాస్తే అబద్ధమవుతుంది. ఉద్యోగం ఐదు నెలల తర్వాత, అంతకుముందు నాలుగుచోట్ల కాదనిపించుకున్నాక వచ్చింది. కోడింగ్‌ టెస్టు రాసి, మూడు రౌండ్లు దాటి తెచ్చుకున్నాడు. మారిందల్లా ఒక్కటే. ప్రతి ఆదివారం సెవెన్‌ టూంబ్స్‌ రోడ్డుకి వచ్చేవాడు. పరుగయ్యాక చాయ్‌ దగ్గర వాడే ‘ఈ ప్రశ్నకి జవాబు చెప్తా, వినుర్రి’ అనేవాడు. మేం తప్పులు పట్టేవాళ్లం. మా ఆఫీసులో ఖాళీ ఉంటే వాడికి చెప్పేవాళ్లం. అంతకుముందు ఏడాదిలోనూ ఖాళీలున్నాయి. కానీ ఫోన్‌ ఎత్తనివాడికి ఎలా చెప్తాం?

ఉద్యోగం వెతికేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇదే. ‘జాబ్‌ వచ్చాకే అందరికీ కనిపిస్తా’ అనుకుంటారు. సిగ్గుతో మొదలై అది అలవాటవుతుంది. ఖాళీల కబురు తెచ్చేవాళ్లు, మాక్‌ ఇంటర్వ్యూ చేసేవాళ్లు, రెజ్యూమెలో తప్పు చూపించేవాళ్లు.. వాళ్లందరి నుంచీ మీరే దూరం జరుగుతున్నారు. నలుగురితో కలిసి ఒక తేదీ పెట్టుకుని చేసే పని ఏదైనా ఒకటి ఉంచుకోండి. పరుగే కానక్కర్లేదు. కాకపోతే వేషం వేసుకున్న రోజు మీరు నిరుద్యోగి కాదు, యమలోకంలో అకౌంటెంట్‌!

మీరూ వెళ్తారా? అయితే వినండి

సమయం: అలవాటు లేకపోతే 5కెకి ఎనిమిది వారాలు పెట్టుకోండి. వారానికి మూడు రోజులు చాలు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి పరుగు నిమిషాలు మెల్లగా పెంచండి. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. ఆయాసం, గుండె సమస్యలుంటే ముందు డాక్టర్ని అడగండి. తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా అక్కడే ఆపేయండి.

వేషం: పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు బరువైనవి వద్దు. కాటన్‌ లేదా త్వరగా ఆరే బట్టతో తేలిగ్గా చేయించుకోండి. కిరీటం అట్టతో చాలు. ముక్కు, నోరు మూసే మాస్కులు, పాదాల దాకా జీరాడే బట్టలు వద్దు. రాపిడి ఉండేచోట ముందే వ్యాజిలీన్‌ రాసుకోండి. బూట్లు మాత్రం రోజూ పరుగెత్తేవే. కొత్తవి ఆ రోజు తొడగొద్దు.

రిహార్సల్‌: పూర్తి వేషంతో కనీసం రెండు కిలోమీటర్లు. ఒకరోజు అద్దె ఎక్కువైనా సరే.

మర్యాద: నంబరు బిళ్ల కనిపించాలి. వేషాలవాళ్లు వెనక వరుసలో మొదలవ్వాలి, టైమ్‌ కోసం పరుగెత్తేవాళ్లకు అడ్డం పడొద్దు. కత్తులు, గదలు లాంటివాటికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. ఎవరి కులాన్నీ, మతాన్నీ, ఒంటి రంగునీ ఎగతాళి చేసే వేషం వద్దు.

ఖర్చు: ఎంట్రీ ఫీజు, డ్రెస్సు, ఆటో, చాయ్‌ కలిపి ముందే లెక్కేయండి. ఉద్యోగం లేని ఫ్రెండ్‌ ఉంటే ఆ లెక్క అతనికి బరువు కానంతలోనే ఉంచండి. ఇంట్లో పాత చీర, అట్టపెట్టె ఉంటే సగం వేషం ఉన్నట్టే.

రెజ్యూమెలో రాయొచ్చా?

రాయొచ్చు, ఒక్క లైను. ‘లీడర్‌షిప్‌, టీమ్‌వర్క్‌, ప్యాషన్‌’ అని మూడు పెద్ద మాటలు రాస్తే ఎవరూ చదవరు. ‘నలుగురి జట్టుతో వేషధారణ 5కె, ప్రణాళిక, బడ్జెట్‌ నా బాధ్యత’ అని రాస్తే ఇంటర్వ్యూలో కచ్చితంగా ఆగి అడుగుతారు. అక్కడ సందర్భం, మీ పని, మీరు చేసింది, ఫలితం.. ఈ వరుసలో రెండు నిమిషాల్లో చెప్పండి. ఏం తప్పయిందో దాచొద్దు. మా చిత్రగుప్తుణ్ని ఒక ఇంటర్వ్యూలో ‘నీ జట్టు నీ మాట విననప్పుడు ఏం చేశావు?’ అని అడిగారట. రిహార్సల్‌ కథ, తాడు కథ చెప్పాడు. ‘మళ్లీ అయితే ఏం మారుస్తావు?’ అంటే, ‘డ్రెస్సు అద్దె నేనే కట్టి రెండు రోజుల ముందే తెస్తా’ అన్నాడట. చేయని పరుగు మాత్రం రాయకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇప్పుడు ఫోన్‌ తీయండి. మీ గ్రూపులో కొన్ని నెలలుగా ఏమీ మాట్లాడని పేరు ఒకటుంటుంది. ఆ పేరు మీదే అయితే, ఈ రోజే ఒక్క మెసేజ్‌ పెట్టండి. జవాబులు చెప్పుకోవాల్సిన పనిలేదు, ‘ఆదివారం ఎవరన్నా ఖాళీనా?’ చాలు. వేరేవాళ్లదైతే మీరే పలకరించండి. ‘జాబ్‌ వచ్చిందా?’ అని మాత్రం అడక్కండి. ‘ఏం వేషం వేద్దాం?’ అని అడగండి.